ఆస్టా నీల్సన్

ఆస్టా నీల్సన్ (1881 - 1972) డెన్మార్కు దేశానికి చెందిన సుప్రసిద్ధ మూకీ చలనచిత్ర నటి. పూర్తి పేరు ఆస్టా సోఫీ అమాలీ నీల్సన్. ఐరోపా ఖండంలో దేశాల సరిహద్దులు దాటి పేరు పొందిన తొలి సినీతారలలో ఈమె ఒకరు. 1910 నుండి 1932 వరకు 70కి పైగా చిత్రాలలో నటించింది. వీటిలో నాలుగు మాత్రమే డెన్మార్కులో తయారయ్యాయి. మిగిలినవన్నీ జర్మనీలో నిర్మించినవే. జర్మన్ ప్రేక్షకులు ఈమెను ఇంటిమనిషిలా "డీ ఆస్టా" అని పిలుచుకునేవారు.

స్త్రీని కేవలం చూడదగిన అందంగా కాక, తనకంటూ కోరికలు, నిర్ణయాలు ఉన్న మనిషిగా తెరపై చూపిన తొలితరం నటిగా ఆస్టా నీల్సన్‌కు సినిమా చరిత్రలో స్థానం ఉంది. ఆమె చిత్రాల కథలు తరచుగా అటువంటి స్త్రీకి శిక్షతోనో, మరణంతోనో ముగిసేవి. అయినా ఆమె నటన ఆ స్త్రీని దోషిగా నిలబెట్టేది కాదు. కథ చెప్పే తీర్పుకు, నటి ముఖం చెప్పే మాటకు మధ్య ఉన్న ఈ ఎడమే ఆమె చిత్రాలను నేటికీ అధ్యయనం చేయడానికి ముఖ్య కారణం.

బాల్యం

ఆస్టా నీల్సన్ 1881 సెప్టెంబరు 11న కోపెన్‌హాగన్ నగరంలోని వెస్టర్‌బ్రో అనే శ్రామికుల పేటలో జన్మించింది. తండ్రి కమ్మరి. తల్లి ఇతరుల బట్టలు ఉతికి సంపాదించేది. తండ్రికి పని నిలకడగా దొరకకపోవడంతో కుటుంబం పలుమార్లు ఇళ్ళు, ఊళ్ళు మారవలసి వచ్చింది. కొన్ని సంవత్సరాలు స్వీడన్‌లోని మాల్మో నగరంలో నివసించారు. ఆస్టాకు పద్నాలుగేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. ఆ తరువాత తల్లి, అక్కలతో కలసి ఆమె కోపెన్‌హాగన్‌లోనే పెరిగింది. తరువాతి కాలంలో ఆమె పోషించిన పనిమనుషులు, దుకాణాలలో పనిచేసే ఆడపిల్లలు, వీధి స్త్రీల జీవితం ఆమెకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు.

రంగస్థల జీవితం

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆస్టాకు డెన్మార్కు రాయల్ థియేటర్ నటనా పాఠశాలలో ప్రవేశం లభించింది. అక్కడ పీటర్ యెర్న్‌డోర్ఫ్ అనే ప్రసిద్ధ నటుని వద్ద ఆమె శిక్షణ పొందింది. 1901లో ఆమెకు యెస్టా అనే కుమార్తె పుట్టింది. అప్పటికి ఆస్టాకు వివాహం కాలేదు. బిడ్డ తండ్రి ఎవరన్నది ఆమె ఏనాడూ వెల్లడించలేదు. ఆ రోజులలో పెళ్ళికాని తల్లికి సమాజంలో గౌరవం ఉండేది కాదు. బిడ్డను అనాథాశ్రమానికో, పెంపకానికో ఇచ్చివేయడం సాధారణంగా జరిగేది. ఆస్టా అలా చేయక, తల్లి, అక్కల సహాయంతో కుమార్తెను తానే పెంచింది.

1902లో శిక్షణ ముగించుకుని ఆమె మొదట దాగ్మార్ థియేటర్‌లో పనిచేసింది. తరువాత సంచార నాటక బృందాలతో నార్వే, స్వీడన్ దేశాలలో పర్యటించింది. 1907 నుండి కోపెన్‌హాగన్‌లోని డెట్ న్యూ థియేటర్‌లో నటించింది. అయితే ఆమె సన్నని శరీరం, పెద్ద నల్లని కళ్ళు, లోతైన గొంతు నాటి రంగస్థలం ఆశించే సుకుమార కథానాయికల నమూనాకు సరిపోలేదు. ముప్పై ఏళ్ళు సమీపిస్తున్నా పేరు తెచ్చే పాత్ర ఒక్కటీ ఆమెకు రాలేదు.

సినీరంగ ప్రవేశం - "అగాధం"

అదే థియేటర్‌తో సంబంధం ఉన్న ఉర్బాన్ గాడ్ అనే రచయిత, ఆస్టా ప్రతిభను నాటకశాలల యజమానులు గుర్తించేలా చేయడానికి ఒక చలనచిత్రం తీయాలని తలపెట్టాడు. నాటికి సినిమా అంటే సంతల వినోదం. పేరున్న నటీనటులు దానిని చిన్నచూపు చూసేవారు. కోపెన్‌హాగన్‌లోని కోస్మోరామా సినిమాహాలు యజమాని యాల్మార్ డేవిడ్‌సన్ ఇందుకు 8,000 క్రోనర్లు పెట్టుబడి పెట్టాడు. కొద్ది రోజులలోనే చిత్రీకరణ పూర్తయింది. "అఫ్‌గ్రుండెన్" (అగాధం) అనే ఈ చిత్రం 1910 సెప్టెంబరులో విడుదలైంది. ఎక్కువ చిత్రాలు పది, పదిహేను నిమిషాలకు మించని ఆ రోజులలో ఇది అరగంటకు పైగా నడిచే కథాచిత్రం.

ఇందులో ఆస్టా పాత్ర పేరు మాగ్డా. ఆమె పియానో నేర్పి జీవించే యువతి. ట్రాములో పరిచయమైన ఒక పాస్టరు కుమారునితో ఆమెకు వివాహం నిశ్చయమవుతుంది. సెలవులకు కాబోయే అత్తవారింటికి వెళ్ళిన మాగ్డా అక్కడి చర్చికి పోవడానికి ఇష్టపడదు. ఊరికి వచ్చిన సర్కస్ ఆమెను ఆకర్షిస్తుంది. ఆ సర్కస్ కళాకారుడైన రుడోల్ఫ్‌తో ఒక రాత్రి ఆమె వెళ్ళిపోతుంది. అతడు ఇతర స్త్రీల వెంట పడుతున్నా అతనిని వదులుకోలేకపోతుంది. చివరకు ఒక ఘర్షణలో అతనిని కత్తితో పొడిచి చంపుతుంది. పోలీసులు ఆమెను తీసుకుపోవడంతో చిత్రం ముగుస్తుంది. రుడోల్ఫ్‌గా పౌల్ ర్యూమర్ట్ నటించాడు.

ఈ చిత్రంలో అత్యంత ప్రసిద్ధమైనది నృత్య సన్నివేశం. రంగస్థలంపై మాగ్డా రుడోల్ఫ్‌ను తాడుతో కట్టివేసి, అతని శరీరానికి తన శరీరాన్ని తాకిస్తూ నర్తిస్తుంది. కట్టుబడి కదలకుండా నిలిచినది పురుషుడు. కోరికతో కదిలేది స్త్రీ. అప్పటివరకు తెరపై స్త్రీ సాధారణంగా వలపుకు గురయ్యే వ్యక్తి, లేదా పురుషుని నాశనం చేసే మాయలాడి. మాగ్డా ఈ రెండూ కాదు. ఆమె కోరుకుంటుంది, ఆ కోరిక మూల్యం తానే చెల్లిస్తుంది. స్వీడన్‌లో సెన్సారు అధికారులు ఈ చిత్రంలోని శృంగార దృశ్యాలకు కత్తెర వేశారు.

ఆఖరి దృశ్యంలో మాగ్డా ఏడవదు, పశ్చాత్తాపం ప్రకటించదు. స్తబ్ధమైన ముఖంతో నడచిపోతుంది. నాటకీయమైన అంగవిన్యాసాలకు అలవాటు పడిన ప్రేక్షకులకు ఈ నిశ్శబ్ద నటన కొత్త అనుభవమైంది.

జర్మనీలో

"అగాధం" డెన్మార్కులో కంటే జర్మనీలో ఎక్కువ విజయం సాధించింది. అప్పటి వరకు అక్కడ ఒక చిత్రం ప్రతులను ఎవరైనా కొని లేదా అద్దెకు తెచ్చి ప్రదర్శించేవారు. ఒకే ఊరిలో పలు హాళ్ళలో ఒకే చిత్రం ఆడుతుండేది. డ్యూసెల్‌డోర్ఫ్‌కు చెందిన లుడ్విగ్ గాట్‌షాక్ అనే పంపిణీదారు ఈ చిత్రానికి ఏకైక ప్రదర్శన హక్కులను తీసుకుని, ఒక్కో ప్రాంతంలో ఒక్కో హాలుకు వాటిని ఇచ్చాడు. "మోనోపోల్ ఫిల్మ్" అనే ఈ పద్ధతి జర్మన్ సినిమా వ్యాపారాన్ని మార్చివేసింది. హక్కులకు ఎక్కువ ధర పలకాలంటే చిత్రానికి ఒక గుర్తింపు ఉండాలి. ఆ గుర్తింపు నటి పేరే అయింది.

1911లో ఆస్టా, ఉర్బాన్ గాడ్ జర్మనీకి తరలివెళ్ళారు. నిర్మాత పౌల్ డేవిడ్‌సన్ ఆమెతో దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఒక ప్రదర్శన సంవత్సరానికి వరుసగా తీయబోయే చిత్రాలను, అవి తయారు కాకముందే, ఆస్టా నీల్సన్ చిత్రాల శ్రేణిగా హాళ్ళవారికి అమ్మేవారు. నాటి నటీనటులలో ఆమె అత్యధిక పారితోషికం పొందేవారిలో ఒకరు. పాత్రల ఎంపికలో, దుస్తులలో, నటనలో ఆమె మాటకు విలువ ఉండేది. గాడ్ దర్శకత్వంలో ఆమె ముప్పైకి పైగా చిత్రాలలో నటించింది. బెర్లిన్ సమీపంలోని బాబెల్స్‌బెర్గ్‌లో నిర్మించిన అద్దాల స్టూడియోలో 1912 ఫిబ్రవరిలో చిత్రీకరణ జరుపుకున్న మొదటి చిత్రం "డెర్ టోటెన్‌టాన్జ్" (మృత్యునృత్యం) కూడా ఆమెదే.

ఆమె పాత్రలలోని వైవిధ్యం చెప్పుకోదగినది. "డీ ఆర్మె యెన్నీ" (1912)లో మోసపోయిన పేదయింటి యువతిగా, "డీ ఫిల్మ్‌ప్రిమడోన్నా" (1913)లో సినీతారగా నటించింది. "ఎంగెలైన్" (1914) అనే హాస్యచిత్రంలో పదిహేడేళ్ళ యువతి పన్నెండేళ్ళ పిల్లగా నటించవలసి వస్తుంది. ఆ యువతి తల్లిదండ్రుల పెళ్ళికి ముందే పుట్టిందన్న సంగతిని ఒక ధనిక బంధువు నుండి దాచడానికి ఈ నాటకం నడుస్తుంది. పరువు కోసం పెద్దలు ఆడే అబద్ధాన్ని మోయవలసినది పిల్ల కావడమే ఇందులోని హాస్యం. ఈ చిత్రం నాటికి ఆస్టా వయసు 32 సంవత్సరాలు.

"డీ సఫ్రజెట్"

1913లో విడుదలైన "డీ సఫ్రజెట్" చిత్రం ఇంగ్లండులో జరుగుతున్న స్త్రీల ఓటుహక్కు పోరాటాన్ని ఇతివృత్తంగా తీసుకుంది. కథానాయిక ఇంటిపేరును ఉద్యమ నాయకురాలు ఎమలిన్ పాంక్‌హర్స్ట్ పేరును గుర్తు చేసేలా పాన్‌బర్న్ అని పెట్టారు. ఈ యువతి కిటికీల అద్దాలు పగులగొట్టి జైలుకు వెళ్తుంది, నిరాహారదీక్ష చేస్తుంది. జైలులో ఆమెకు బలవంతంగా ఆహారం ఎక్కించే దృశ్యం కూడా ఉంది. బ్రిటిషు జైళ్ళలో ఈ పద్ధతి 1909 నుండి నిజంగా అమలులో ఉండేది.

అయితే ఉద్యమకారులు చంపదలచిన మంత్రినే ఆమె ప్రేమించడంతో కథ మలుపు తిరుగుతుంది. చివరకు ఆమె భార్యగా, తల్లిగా స్థిరపడుతుంది. ఉద్యమానికి సంబంధించిన ఉత్కంఠను ప్రదర్శనకు వాడుకుని, ముగింపులో నాయికను ఇంటికి చేర్చే ఈ కథ నాటి సమాజపు సందిగ్ధతకు మంచి ఉదాహరణ. ప్రష్యా రాజ్యంలో స్త్రీలు రాజకీయ సంఘాలలో చేరరాదన్న నిషేధం 1908 వరకు ఉండేది. జర్మనీలో స్త్రీలకు ఓటుహక్కు 1918లో గాని రాలేదు. అటువంటి పరిస్థితులలో జైలు గదిలో నిరాకరణతో బిగుసుకున్న ఒక స్త్రీ ముఖాన్ని తెరపై చూడటం ముగింపు చెరిపివేయలేని అనుభవం.

ప్రేక్షకులు

నాటి సినిమాహాళ్ళు స్త్రీలు మగతోడు లేకుండా వెళ్ళగలిగిన కొద్ది బహిరంగ ప్రదేశాలలో ఒకటి. ఎమిలీ ఆల్టెన్‌లో అనే పరిశోధకురాలు జర్మనీలోని మాన్‌హైమ్ నగర ప్రేక్షకులను అధ్యయనం చేసి 1914లో ఒక గ్రంథం ప్రచురించింది. సినిమా ప్రేక్షకులపై వెలువడిన తొలి సామాజిక అధ్యయనాలలో ఇది ఒకటి. అన్ని వర్గాల స్త్రీలు సినిమాను ఇష్టపడుతున్నారనీ, స్త్రీల జీవితగతులను చూపే సాంఘిక చిత్రాలు వారిని ఆకట్టుకుంటున్నాయనీ ఆమె గమనించింది. ఆస్టా నీల్సన్ చిత్రాలు ఈ కోవకు చెందినవే. మరోవైపు ఇటువంటి చిత్రాలు ఆడవారిని, యువతను చెడగొడుతున్నాయని సంస్కరణవాదులు ఆందోళన చేసేవారు. చిత్రాలను స్థానిక పోలీసులు పరిశీలించి అనుమతి ఇచ్చే పద్ధతి ఉండేది.

పురుష వేషాలు, "హామ్లెట్"

ఆస్టా పలు చిత్రాలలో పురుష వేషం ధరించింది. "జపటాస్ బాండె" (1914) అనే హాస్యచిత్రంలో బందిపోటు వేషంలో ఉన్న నాయికను చూసి ఒక యువతి మనసు పడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, 1920లో ఆమె బెర్లిన్‌లో ఆర్ట్ ఫిల్మ్ అనే స్వంత నిర్మాణ సంస్థను స్థాపించింది. ఆ సంస్థ తొలి చిత్రం "హామ్లెట్" (1921). స్వెండ్ గాడె, హైన్జ్ షాల్ దీనికి దర్శకులు. హామ్లెట్ నిజానికి స్త్రీ అని వాదిస్తూ ఎడ్వర్డ్ వైనింగ్ అనే అమెరికన్ రచయిత 1881లో ప్రచురించిన పుస్తకం ఈ చిత్రానికి ఆధారం. సింహాసనం చేజారకుండా ఉండటానికి రాణి తనకు పుట్టిన ఆడపిల్లను మగపిల్లవాడిగా ప్రకటిస్తుంది. అలా పెరిగిన హామ్లెట్ తన మిత్రుడు హొరేషియోను ప్రేమిస్తుంది, కాని ఆ మాట చెప్పలేదు. ఆమె మరణించాకే హొరేషియోకు నిజం తెలుస్తుంది. ప్రతీకారం తీర్చుకోలేని రాకుమారుని సందిగ్ధత ఇక్కడ తన శరీరాన్నీ, ప్రేమనూ దాచుకోవలసి వచ్చిన స్త్రీ వేదనగా మారింది. రంగులు అద్దిన ప్రతి ఆధారంగా పునరుద్ధరించిన ఈ చిత్రాన్ని 2007 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.

1920ల చిత్రాలు

ఈ దశాబ్దంలో ఆమె స్ట్రిండ్‌బెర్గ్ నాటకం ఆధారంగా తీసిన "ఫ్రాయ్‌లైన్ యూలీ" (1922)లోను, వెడెకిండ్ నాటకం ఆధారంగా లియోపోల్డ్ యెస్నర్ తీసిన "ఎర్డ్‌గైస్ట్" (1923)లో లులు పాత్రలోను నటించింది.

జి.డబ్ల్యు.పాబ్స్ట్ దర్శకత్వం వహించిన "డీ ఫ్రాయిడ్‌లోజె గాసె" (ఆనందం లేని వీధి, 1925) యుద్ధానంతరం వియన్నా నగరంలో ధరలు మండిపోతున్న కాలపు కథ. ఆకలి, తండ్రి హింస నుండి పారిపోయి శరీరాన్ని అమ్ముకునే మరియా అనే యువతిగా ఆస్టా నటించింది. ఇదే చిత్రంలో అటువంటి పతనం నుండి తప్పించుకునే మరో యువతిగా గ్రేటా గార్బో నటించింది. సెన్సారు కత్తిరింపుల వలన ఈ చిత్రం వివిధ దేశాలలో వివిధ రూపాలలో ప్రదర్శించబడింది. గార్బో హాలీవుడ్‌లో ప్రసిద్ధురాలయ్యాక పలు ప్రతులలో ఆమె కథను నిలిపి, ఆస్టా పాత్రను బాగా కుదించివేశారు. తప్పించుకున్న స్త్రీ కథ మిగిలింది, తప్పించుకోలేకపోయిన స్త్రీ కథ తెగిపోయింది. 1990లలో మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియం వివిధ ప్రతుల నుండి ఈ చిత్రాన్ని తిరిగి కూర్చింది.

బ్రూనో రాన్ దర్శకత్వం వహించిన "డిర్నెన్‌ట్రాగోడీ" (1927)లో ఆస్టా వయసు మళ్ళుతున్న ఒక వీధి వేశ్యగా నటించింది. ఇల్లు విడిచి వచ్చిన ఒక విద్యార్థిని ఆమె చేరదీస్తుంది. అతనితో కొత్త జీవితం గడపాలని, కూడబెట్టిన డబ్బుతో ఒక మిఠాయి దుకాణం కొనడానికి సిద్ధపడుతుంది. ఈలోగా అతడు వయసులో ఉన్న మరో స్త్రీ వైపు మొగ్గుతాడు. యువతుల కోరికనే అంగీకరించని సమాజం, వయసు మీరిన స్త్రీ కోరికను నవ్వులాటగా చూస్తుంది. ఈ చిత్రం ఆ నవ్వుకు తావివ్వలేదు. ఈ పాత్ర చేసేనాటికి ఆస్టా వయసు నలభై అయిదు దాటింది.

నటనా శైలి

రంగస్థలంపై గొంతు, పెద్ద పెద్ద అంగవిన్యాసాలు అవసరం. కెమెరాకు అవి అక్కరలేదని ఆస్టా తొలి చిత్రంలోనే గ్రహించింది. తన నటనను తెరపై పెద్దదిగా చూసుకుని, ఎక్కడ తగ్గించుకోవాలో ఆమె నేర్చుకుంది. పాత్ర మనసులోని ఆలోచన ముఖం మీదికి వచ్చేవరకు ఆగడం, చూపులోనూ, భుజాల కదలికలోనూ భావాన్ని పలికించడం ఆమె ప్రత్యేకత. హంగేరీకి చెందిన సినీ సిద్ధాంతకర్త బేలా బలాజ్ 1924లో ప్రచురించిన గ్రంథంలో చార్లీ చాప్లిన్‌తో పాటు ఆస్టా నీల్సన్‌కు ప్రత్యేక స్థానం కల్పించాడు. ఆమె శృంగారం శరీర ప్రదర్శనలో కాక కళ్ళలో, మనసులో ఉన్నదని అతని అభిప్రాయం.

వ్యక్తిగత జీవితం

ఆస్టా 1912లో ఉర్బాన్ గాడ్‌ను వివాహం చేసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వీరు విడిపోయారు. 1919లో స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్డీ వింగార్డ్‌ను వివాహమాడింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ వివాహం కూడా ముగిసింది. అనంతరం రష్యన్ నటుడు గ్రిగోరీ చ్మారాతో చాలాకాలం కలసి జీవించింది. బాల్టిక్ సముద్రంలోని హిడెన్‌సే ద్వీపంలో "కరుసెల్" అనే గుండ్రని ఇల్లు ఆమె వేసవి నివాసంగా ఉండేది.

చివరి దశ

ఆస్టా నటించిన ఒకే ఒక్క శబ్ద చిత్రం "ఉన్‌మొగ్లిషె లీబె" (అసాధ్యమైన ప్రేమ, 1932). పెద్ద పిల్లలున్న ఒక శిల్పకారిణి మళ్ళీ ప్రేమలో పడటం దీని కథ. మరుసటి సంవత్సరం నాజీలు అధికారంలోకి వచ్చారు. జర్మనీలోనే ఉండిపోతే స్వంత చిత్రసంస్థ ఏర్పాటు చేస్తామని ప్రచార మంత్రి గోబెల్స్ ఆశ చూపినా ఆమె అంగీకరించలేదని చెబుతారు. 1930ల రెండవ భాగంలో ఆమె డెన్మార్కుకు తిరిగివచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో చిక్కుకున్న యూదులకు ఆహార పొట్లాలు పంపడానికి అలన్ హాగెడార్ఫ్ అనే డేనిష్ యువకునికి ఆమె ధనసహాయం చేసింది. ఆ సహాయం అందుకున్నవారిలో రచయిత విక్టర్ క్లెంపెరర్ ఒకరు.

స్వదేశంలో ఆమెకు సినిమా అవకాశాలు రాలేదు. 1945-46లలో "డెన్ టీయెండె మూసె" (పదవ కళాదేవత) పేరుతో ఆత్మకథను రెండు సంపుటాలుగా ప్రచురించింది. తరువాత రంగు కాగితాలు, వస్త్రపు ముక్కలు అతికించి చిత్రాలు రూపొందించేది. 1963లో పశ్చిమ జర్మనీ ఆమె సినీ సేవలకు "ఫిల్మ్‌బాండ్ ఇన్ గోల్డ్" పురస్కారం అందించింది. 1964లో కుమార్తె యెస్టా మరణించింది. 1968లో తన 80ల వయసులో ఆస్టా తన జీవితంపై ఒక లఘు డాక్యుమెంటరీకి తానే దర్శకత్వం వహించింది. వేరొకరు తీస్తున్న చిత్రం తనకు నచ్చకపోవడమే ఇందుకు కారణం. 1970లో, 88 ఏళ్ళ వయసులో, క్రిస్టియన్ థీడె అనే వ్యక్తిని వివాహం చేసుకుంది. 1972 మే నెలలో మరణించింది.

ప్రాముఖ్యత

మూకీ యుగం ముగిసిన తరువాత ఆస్టా నీల్సన్ పేరు చాలాకాలం మరుగున పడింది. ఆమె చిత్రాలలో అనేకం నశించిపోయాయి. శృంగారం కారణంగా సెన్సారు ఆటంకాలు ఎదురుకావడంతో అమెరికాలో ఆమెకు ప్రచారం తక్కువ. స్త్రీవాద సినీ అధ్యయనాలు ఆమెను తిరిగి వెలుగులోకి తెచ్చాయి. జర్మన్ పరిశోధకురాలు హైడె ష్ల్యూప్‌మన్ 1990లో ప్రచురించిన గ్రంథంలో, తొలినాటి జర్మన్ సినిమాలో స్త్రీల చూపుకు, అనుభవానికి చోటు ఉండేదనీ, పరిశ్రమ గౌరవం కోసం పాకులాడే క్రమంలో ఆ చోటు కుదించుకుపోయిందనీ వాదించింది. ఆమె వాదానికి ఆస్టా చిత్రాలు ముఖ్యమైన ఆధారం.

శ్రామికుల ఇంట పుట్టి, పెళ్ళికాకుండానే తల్లియై, రంగస్థలం ఆదరించని నటిగా మిగిలిన ఆస్టా, సమాజం తప్పుపట్టే స్త్రీలకే తెరపై రూపం ఇచ్చింది. మాగ్డా నుండి "డిర్నెన్‌ట్రాగోడీ"లోని వయసు మళ్ళిన వేశ్య వరకు ఆమె పాత్రలు కథలలో ఓడిపోయినా, తమ కోరికకు సిగ్గుపడలేదు.